నాలుగో తేదీనా, పద్నాలుగో తేదీనా? అమ్మ పౌరసత్వ కాగితాల డైరీ

నవంబర్ 16, 2025, ఆదివారం

అమ్మ అమెరికా నుంచి నల్లగొండకు వచ్చి ఆరు రోజులైంది. ఇవాళ మధ్యాహ్నం భోజనాలయ్యాక బీరువా మీది రేకు పెట్టె కిందికి దించాం. నాన్న పెట్టె అది. పట్టాదారు పాసు పుస్తకం, పాత కరెంటు బిల్లులు, ఆయన సర్వీసు పుస్తకం నకలు, అడుగున రబ్బరు బ్యాండు వేసిన పాస్‌పోర్టులు. అమెరికా పౌరసత్వానికి అమ్మ వేయబోయే దరఖాస్తుకు కావలసిన కాగితాలన్నీ ఫిబ్రవరి 18న ఆమె విమానం ఎక్కేలోపు ఒక ఫైలులో పెట్టి పంపాలి. అక్కడ అన్నయ్య ఆన్‌లైన్‌లో వేస్తాడు. కాగితాల పని నాది. రాసి పెట్టుకోకపోతే మధ్యలో ఏదో ఒకటి జారిపోతుందని ఈ డైరీ మొదలుపెట్టాను.

2008 ఏప్రిల్‌లో అమ్మకూ నాన్నకూ ఒకేసారి గ్రీన్‌కార్డులు వచ్చాయి. డాలస్ దగ్గర అన్నయ్య పిల్లలిద్దరినీ పెంచింది వాళ్లే. నాన్న పోయాక అమ్మ మనసు ఇటే లాగుతోంది. కానీ వచ్చిన ప్రతిసారీ రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండాలి. కార్డు ఉన్నవాళ్లు ఆరు నెలలు దాటి బయట ఉంటే అక్కడి నివాసం తెగిపోయిందనే అనుమానంతోనే చట్టం లెక్క మొదలుపెడుతుంది. ఏడాది దాటితే కార్డుకే ముప్పు. పౌరసత్వం వస్తే ఆ భయం ఉండదు. ఆ తరవాత ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) తీసుకుంటే నల్లగొండలో ఎన్నాళ్లున్నా ఎక్కడా నమోదు చేయించుకోనక్కర లేదు. తన ఇంట్లో తనకు నచ్చినన్నాళ్లు ఉండటం కోసమే అమ్మ ఇంకో దేశ పౌరురాలు కాబోతోంది. మేనత్తకు ఈ మాట మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ "అయితే ఇక్కడి మనిషి కాకుండా పోతుందా?" అనే అడిగింది.

ఆ ప్రశ్నకు సగం జవాబు అవుననే చెప్పాలి. 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం వేరే దేశ పౌరసత్వం కోరి తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది. పాస్‌పోర్టు అప్పగించాలి. ఓటు ఉండదు. ఓసీఐ కార్డుతో వ్యవసాయ భూమి కొనలేం. వారసత్వంగా వచ్చింది మాత్రం ఉంచుకోవచ్చు. నాన్న నుంచి వచ్చిన రెండెకరాల ఇరవై గుంటలు 2023లోనే అమ్మ పేరు మీదికి మారాయి కనుక ఆ దిగులు లేదు. ఇవన్నీ అమ్మకు విడమరచి చెప్పాను. ఓటు దగ్గర కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఉండలేని ఓటు కంటే ఉండగలిగే ఇల్లు మేలు బిడ్డా, రాయి" అంది.

నవంబర్ 19, బుధవారం

బడి నుంచి వచ్చాక అర్హతల లెక్క చూశాను. దరఖాస్తు పేరు ఎన్-400. గ్రీన్‌కార్డు వచ్చి అయిదేళ్లు నిండాలి, అది ఎప్పుడో నిండింది. గత అయిదేళ్లలో కనీసం 30 నెలలు ఆ దేశంలో ఉండాలి. మూడు నెలలుగా అదే రాష్ట్రంలో నివాసం ఉండాలి. అన్నయ్య 2019 నుంచి ఇల్లు మారలేదు కనుక చిరునామాల పేజీ ఒక్క వరుసలో అయిపోయింది.

అమ్మ ఇన్నేళ్లు వెనకాడింది ఇంగ్లిషు వల్ల. దానికి దారి ఉంది. 55 ఏళ్లు దాటి, కార్డు వచ్చాక అక్కడ మొత్తం 15 ఏళ్లు నివసించినవారికి ఇంగ్లిషు పరీక్ష లేదు. దేశ చరిత్ర, ప్రభుత్వం గురించిన పరీక్షను దుబాసీ సాయంతో తమ భాషలోనే ఇవ్వవచ్చు. అమ్మకు 68. పదిహేడున్నరేళ్లలో ఇటు వచ్చి ఉన్న రోజులు తీసేసినా 15 దాటుతుంది. "తెలుగులోనా?" అని రెండుసార్లు అడిగింది. తెలుగులోనే అన్నాను. అప్పుడు మొదటిసారి ఆమె ముఖంలో ఇది జరిగే పనే అన్న నమ్మకం కనిపించింది.

ఉద్యోగం పేజీలో గత అయిదేళ్లు ఏం చేశారో రాయాలి. "పని లేదని మాత్రం రాయకు" అంది అమ్మ. గృహిణి అని రాశాం.

నవంబర్ 23, ఆదివారం

ఈ రోజంతా ఒక్క ముద్ర మీదే గడిచింది.

అయిదేళ్లలో 24 గంటలకు మించి దేశం బయట ఉన్న ప్రతి ప్రయాణాన్నీ తేదీలతో రాయాలి. వెళ్లిన రోజు, తిరిగి చేరిన రోజు రెండూ అక్కడ ఉన్నట్టే లెక్క. మధ్యవి మాత్రమే బయటి రోజులు. 2021 ఫిబ్రవరి నుంచి అమ్మ ఇటు వచ్చింది నాలుగుసార్లు. మూడింటికి చిక్కు లేదు. 2023 జూన్ 24 నుంచి ఆగస్టు 20 వరకు, నాన్న సంవత్సరీకానికి వచ్చింది: 56 రోజులు. 2024 అక్టోబర్ 5 నుంచి 2025 జనవరి 25 వరకు: 111. ఈసారి నవంబర్ 8న బయలుదేరింది, ఫిబ్రవరి 18న చేరుతుంది: 101.

చిక్కంతా 2022తో. నాన్నకు జబ్బు ముదిరి, పోతే మన ఇంట్లోనే పోతాననడంతో ఇద్దరూ మార్చి 12న డాలస్‌లో విమానం ఎక్కారు. జులైలో నాన్న పోయారు. సెప్టెంబర్‌లో అమ్మ ఒక్కతే వెనక్కి వెళ్లింది. పాస్‌పోర్టులో శంషాబాద్ విమానాశ్రయం వేసిన ముద్రలో నెల ఉంది, సంవత్సరం ఉంది, తేదీలో రెండో అంకె 4 స్పష్టంగా ఉంది. మొదటి అంకె మీద సిరా పాకింది. సున్నా అయితే నాలుగో తేదీ. ఒకటి అయితే పద్నాలుగో తేదీ.

నాన్న భూతద్దం పెట్టెలోనే ఉంది. పహాణీ నకళ్లలో సర్వే నంబర్లు చూసుకోవడానికి వాడేవారు, చెక్క పిడికి ఆయన చుట్టిన నల్ల దారం ఇంకా ఉంది. కిటికీ దగ్గర కూర్చుని ముద్ర మీద పెట్టి చూశాను. అంకె ఎడమవైపు గీత మందంగా కనిపిస్తోంది, కుడివైపు సిరా కాగితంలో పీల్చుకుపోయి మసకగా ఉంది. సున్నా కుడి అంచు చెరిగిందో, ఒకటి పక్కకు పాకిందో తేలలేదు. ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేస్తే చుక్కలు తప్ప ఏమీ మిగలలేదు.

ఈ పది రోజుల తేడా చిన్నది కాదు. కాగితం మీద లెక్క వేశాను. మార్చి 13 నుంచి 31 దాకా 19, ఏప్రిల్ 30, మే 31, జూన్ 30, జులై 31, ఆగస్టు 31. ఇక్కడికే 172 అయింది. నాలుగో తేదీన చేరి ఉంటే ఇంకో మూడు కలిపి 175. పద్నాలుగున చేరి ఉంటే 185. ఆరు నెలలంటే వాళ్ల లెక్కలో 180 రోజులు. 175 అయితే ప్రశ్నే రాదు. 185 అయితే నివాసం తెగలేదని మేమే రుజువు చేసుకోవాలి.

అమ్మను అడిగాను. ఆలోచించకుండానే చెప్పింది: "నిమజ్జనం అయ్యాక వెళ్లాను. నిమజ్జనం చూసింది నాకు బాగా గుర్తు." నాకు చేతులు చల్లబడ్డాయి. 2022లో వినాయక చవితి ఆగస్టు 31. నిమజ్జనం సెప్టెంబర్ 9. దాని తరవాత వెళ్లి ఉంటే పద్నాలుగే. నాన్న పోయిన ఏడు కనుక మా ఇంట్లో చవితి చేయలేదు. చేసి ఉంటే ఆ పూజ రోజు, ఉద్వాసన రోజు అమ్మ ఉందో లేదో నాకు గుర్తుండేది.

రాత్రి తొమ్మిదికి అన్నయ్యకు ఫోను చేశాను, అక్కడ ఉదయం తొమ్మిదిన్నర. టికెట్టు ఈమెయిల్ వెతికి తీశాడు. సెప్టెంబర్ 4, దోహా మీదుగా. కానీ టికెట్టు కొన్న కాగితం ప్రయాణం జరిగిన దానికి రుజువు కాదు కదా. ఆ వారంలో అమ్మకు జ్వరం వచ్చిన సంగతి నాకు తెలుసు, తేదీ మార్పించామేమో అన్న సందేహం పోలేదు. ఇద్దరం ఎటూ తేల్చుకోలేక ఫోను పెట్టేశాం.

నవంబర్ 25, మంగళవారం

తేలింది. మేనల్లుడు తన ఫోనులో పాత వీడియో వెతికి పంపాడు. డాలస్‌లో పక్కింటి తెలుగువాళ్ల పెరడు. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు, పిల్లలు చిన్న మట్టి వినాయకుడిని ముంచుతున్నారు. వెనక మా అన్నయ్యవాళ్ల వంటింటి కిటికీలో అమ్మ నిలబడి చూస్తోంది. వీడియో తేదీ 2022 సెప్టెంబర్ 9. అమ్మ చూసిన నిమజ్జనం అది. ఆ ఏడు తమకు పండుగ లేదని బయటికి వెళ్లకుండా కిటికీలోంచే చూసిందట. నిమజ్జనం చూశానన్న ఆమె జ్ఞాపకంలో తప్పు లేదు, వెళ్లింది దాని తరవాతనన్నదే పొరపాటు. నేనూ దాన్ని నల్లగొండకు అంటగట్టి చూశాను.

దానికి తోడు సెప్టెంబర్ 8న అక్కడి డాక్టరుకు చూపించుకున్న బిల్లు దొరికింది. జ్వరం తగ్గక వెళ్లారట. టికెట్టు, బిల్లు, వీడియోలోంచి తీసిన ఫొటో మూడూ ముద్రించి ఫైలులో పెడుతున్నాను. ప్రయాణాల పట్టికలో 175 అని రాశాను. నాలుగు ప్రయాణాలూ కలిపి 443 రోజులు. అయిదేళ్లకు 1,826 రోజులు. మిగిలినవి 1,383, కావలసిన 30 నెలలకు బాగా ఎక్కువ.

అమ్మ ఆ వీడియోను చాలాసేపు చూసింది. నాన్న పోయి అప్పటికి రెండు నెలలు. ఏడాది తిరగకముందే ఊరు దాటి వెళ్లిందని ఇక్కడ కొందరు అన్న మాటలు నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆ 175ను 180 దాటనివ్వకుండా వెళ్లినందుకే ఈ రోజు ఈ దరఖాస్తు చిక్కు లేకుండా సాగుతోంది.

డిసెంబర్ 1, సోమవారం

రెండు పనులు.

మొదటిది నాన్న మరణ ధ్రువపత్రం. అమ్మ వితంతువు అని రాస్తున్నాం కనుక దాని నకలు జతచేయాలి. తీసి చూస్తే భార్య పేరు గడిలో, పాస్‌పోర్టులో "క్ష్మ" ఉన్న చోట "చ్చ" ఉంది. ఇంగ్లిషు అక్షరాలూ అలాగే పడ్డాయి. ఎవరినీ అనడానికి లేదు. ఆ రోజు ఫారం నింపింది మా బాబాయి. ఊరంతా వదినను పిలిచే పేరే ఆయన చెప్పారు. జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ కింద రిజిస్టర్‌లోని తప్పును సరిచేయించుకోవచ్చు. అమ్మ ఆధార్, పాస్‌పోర్టు, 2007లో సబ్‌ రిజిస్ట్రార్ దగ్గర చేయించిన వివాహ నమోదు పత్రం, ఒక అఫిడవిట్ జతచేసి మీసేవలో దరఖాస్తు ఇచ్చాను. ఇంకా పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు, వివాహ పత్రం మూడింటిలో పేరు అక్షరం అక్షరం పోల్చి చూశాను, అవి సరిపోయాయి. ఇలాంటి పని పెట్టుకున్నవాళ్లెవరైనా ముందు చేయవలసింది ఇదే. కాగితాలన్నీ బల్ల మీద పరిచి, ఒక్క పేరునే అన్నింటిలో చదవాలి. అర్థం కోసం చదివితే కన్ను జారిపోతుంది, అక్షరాల కోసం చదవాలి.

రెండోది ఎక్కువ బరువైనది. నిన్న రాత్రి దరఖాస్తులోని ప్రశ్నలు ఒక్కొక్కటిగా తెలుగులో చెబుతూ అమ్మ జవాబులు రాసుకుంటున్నాను. ఒక చోట ఇలా ఉంది: ఆ దేశంలో గాని వేరే ఎక్కడైనా గాని, ఏ కారణంతోనైనా, ఎప్పుడైనా పోలీసులు మిమ్మల్ని అరెస్టు చేశారా, నిర్బంధించారా? లేదు అని రాయబోతుంటే అమ్మ ఆపింది. "నీళ్ల ధర్నా రోజు తీసుకెళ్లారు కదా."

నాకు అప్పటికి పదమూడేళ్లు. గుర్తుంది, కానీ దాన్ని ఈ ప్రశ్నతో కలిపి ఎన్నడూ ఆలోచించలేదు. అమ్మ పుట్టిల్లు మర్రిగూడ మండలం. ఆ ఊళ్లలో బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ పళ్లను, ఎముకలను ఏం చేసిందో నల్లగొండ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర లేదు. మా పెద్ద మామయ్య నలభై ఏళ్లకే నడుం వంగి, మెడ తిప్పలేక, మాతో మాట్లాడాలంటే మనిషంతా తిరిగేవాడు. కృష్ణ నీళ్లు కావాలని జల సాధన సమితి పోరాడిన రోజులు. నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేసింది కూడా ఆ 1996లోనే. దేశమంతా ఇటు చూడాలని అంతమంది నామినేషన్లు వేశారు. ఆ ఎన్నికలకు ముందు ఒక రోజు అమ్మ తన తమ్ముడి భార్యతో కలిసి రోడ్డు మీద కూర్చుంది. ఆడవాళ్లను బస్సులో ఎక్కించి తీసుకెళ్లి, సాయంత్రం దాకా కూర్చోబెట్టి, పేర్లు రాసుకుని వదిలేశారు. కేసు లేదు, కోర్టు లేదు.

అన్నయ్య వద్దన్నాడు. "కాగితమే లేని దాన్ని మనమే రాసి చిక్కులో పడటం ఎందుకు? ముప్పై ఏళ్లవుతోంది." అతని భయం నాకు అర్థమైంది. కానీ అక్కడ "ఎప్పుడైనా" అని ఉంది. సంతకం కింద అన్నీ నిజమేనని ప్రమాణం ఉంది. ఇంటర్వ్యూలో ప్రమాణం చేసి ఇదే ప్రశ్న మళ్లీ అడుగుతారు. అమ్మ ఆ క్షణంలో అబద్ధం ఆడలేదు. ఆడితే, ఆ అబద్ధం ఆ రోజు ధర్నా కంటే పెద్ద తప్పవుతుంది. అన్నింటికీ మించి, సిగ్గుపడి దాచుకోవలసిన పని ఆమె చేయలేదు. చివరికి అన్నయ్య అక్కడి ఇమిగ్రేషన్ లాయరును అడిగాడు. ఆమె కూడా రాయమనే చెప్పిందట: అవును అని పెట్టి, జరిగింది అమ్మ మాటల్లో ఒక పేజీ రాసి, రికార్డు ఉంటే అది, లేకపోతే లేదన్న కాగితం జతచేయండి అంది.

అందుకని ఈ రోజు సమాచార హక్కు చట్టం కింద జిల్లా పోలీసు కార్యాలయానికి దరఖాస్తు పెట్టాను. పది రూపాయల పోస్టల్ ఆర్డరు, రసీదుతో స్పీడ్ పోస్టు. అడిగింది ఒక్కటే: 1995, 1996 సంవత్సరాల్లో ఈ పేరు గల వ్యక్తి మీద కేసు గాని అరెస్టు గాని నమోదై ఉంటే వివరాలు ఇవ్వండి, లేకపోతే లేదని తెలపండి. చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు.

డిసెంబర్ 20, శనివారం

సరిచేసిన మరణ ధ్రువపత్రం వచ్చింది. "క్ష్మ" ఉంది. దాని కోసం తిరిగిన రోజుల గురించి రాయను.

డిసెంబర్ 29, సోమవారం

పోలీసు కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. అర పేజీ, తెలుగులో. "సదరు పేరు గల వ్యక్తిపై సదరు కాలంలో ఎటువంటి కేసు గాని అరెస్టు గాని నమోదు కాలేదని తెలియజేయడమైనది." అమ్మ చదివించుకుని, "మమ్మల్ని రాసుకున్న పుస్తకం ఏమైంది మరి?" అంది. ఆ రోజు అక్కడ ఉన్నానని ఏదో ఒక పుస్తకంలో ఉంటుందని ఆమె అనుకుంటూ వచ్చింది. లేదని తెలిసి నేను ఊపిరి పీల్చుకున్నాను, ఆమె కొంచెం నొచ్చుకుంది.

జనవరి 4, 2026, ఆదివారం

ఇంగ్లిషులో లేని ప్రతి కాగితానికీ పూర్తి అనువాదం కావాలి. అనువదించినవాళ్లు తమకు రెండు భాషలూ వచ్చనీ, అనువాదం సంపూర్ణంగా, సరిగ్గా ఉందనీ రాసి సంతకం పెట్టాలి. నోటరీ అడగరు. నేను చేయగలను, కానీ కూతురు చేసిన దాని కంటే బయటి మనిషి చేస్తే మేలనిపించింది. నాన్న స్నేహితుడు, రిటైరైన ఇంగ్లిషు లెక్చరరు సార్ ఒప్పుకున్నారు. ఇవాళ ఉదయం అమ్మను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను.

అర పేజీ ఉత్తరం, ఒక పేజీ అమ్మ వాంగ్మూలం. మూడు గంటలు పట్టింది. ఉత్తరంలో "సదరు" రెండుసార్లు ఉంది, రెండుసార్లూ ఉండాలన్నారు సార్, ఒకటి కూడా మింగకూడదట. ముద్రలో ఏముందో, సంతకం ఎక్కడుందో కూడా రాశారు. వాంగ్మూలం దగ్గర ఆగారు. అమ్మ చెప్పింది "పట్టుకుపోయారు" అని. నేను దాన్ని "అదుపులోకి తీసుకున్నారు" అని రాశాను, పత్రికల్లో అలా రాస్తారని. సార్ కలం పక్కన పెట్టి అమ్మనే అడిగారు.

"అమ్మా, వెళ్లిపోతాను అంటే వెళ్లనిచ్చేవాళ్లా?"

"గేటు దగ్గర మనిషి నిలబడ్డాడు సార్. చంటిపిల్ల తల్లి ఒకామె పాలివ్వాలి, పంపమంటే సాయంత్రం దాకా పంపలేదు."

"అరెస్టు చేస్తున్నాం అని గాని, ఫలానా కేసు అని గాని ఎవరైనా అన్నారా?"

"ఏ మాటా అనలేదు. పేర్లు మాత్రం రాసుకున్నారు."

అయితే అది అరెస్టు కాదు, నిర్బంధమే, దరఖాస్తులో ఆ రెండు మాటలూ విడివిడిగా ఉన్నాయి కనుక మనమూ విడిగానే చెప్పాలి అన్నారు. రాస్తారోకో అన్న మాటను అలాగే ఉంచి, రోడ్డు మీద కూర్చుని వాహనాలు ఆపి తెలిపే నిరసన అని ఒక వాక్యం చేర్చారు. ధర్నాకు కూడా అంతే. ఫ్లోరైడ్ నీళ్ల గురించి అమ్మ రెండు వాక్యాలు చెప్పింది, అవసరమా అని నేను సందేహించాను. సార్ తీయలేదు. కారణం లేకుండా రోడ్డు మీద ఎందుకు కూర్చుందో ఆ అధికారికి ఎలా తెలుస్తుంది అన్నారు. చివర తేదీ, చిరునామా, సంతకం. డబ్బు తీసుకోలేదు. అమ్మ వాళ్లింట్లో టీ తాగి, ఆ చంటిపిల్ల ఇప్పుడు నకిరేకల్‌లో ఉందని, పెళ్లయి ఇద్దరు పిల్లలని చెప్పింది.

జనవరి 11, ఆదివారం

పండుగ పిండివంటలూ పరీక్ష చదువూ ఒకేసారి. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు వేసేవారికి కొత్త పరీక్ష. మొత్తం 128 ప్రశ్నలు, ఇంటర్వ్యూలో 20 వరకు అడుగుతారు, 12 సరిగా చెప్పాలి. 65 దాటి, 20 ఏళ్లుగా కార్డు ఉన్నవారికయితే 20 ప్రశ్నల చిన్న జాబితా ఉంది. అమ్మకు రెండేళ్లు తక్కువ, కనుక మొత్తం చదవాలి.

ప్రశ్నలను తెలుగులోకి తెచ్చి పెద్ద అక్షరాలతో నోటుపుస్తకంలో రాశాను. ఇది నేను అనుకున్నంత తేలిక కాలేదు. "ఎవరూ చట్టానికి అతీతులు కారు" అన్నది ఒక జవాబు. బడిలో నేను చెప్పే భాష అది. అమ్మ రెండుసార్లు చదివి, "సర్పంచికైనా అదే చట్టం, నాకైనా అదే చట్టం, అంతే కదా" అంది. అధికారి ముందు అలాగే చెప్పమన్నాను, దుబాసీ దాన్ని సూటిగా చెప్పగలడు.

అమ్మ పాత బట్ట పరిచి సకినాలు చుడుతోంది. నేను పక్కన కూర్చుని అడుగుతున్నాను. పిండిలో వాము, నువ్వులు. బొటనవేలూ చూపుడువేలూ పిండిని మెలి తిప్పుతూ వెళ్తుంటే చుట్టు మీద చుట్టు పడుతోంది, చెయ్యి ఆగడం లేదు.

"జెండా మీద ఎన్ని చారలు?"

"పదమూడు. మొదట పదమూడు రాజ్యాలు కలిశాయి కనుక."

"కాలనీలు అనాలి."

"కాలనీలు అంటే మన శ్రీనగర్ కాలనీ అనుకోరా?"

దుబాసీ సరిగా చెబుతాడు, నువ్వు కాలనీలనే అను అన్నాను. సెనేటర్ పదవీకాలం ఆరేళ్లు అనగానే "మన రాజ్యసభ లాగా" అని తానే అంది. ఆ పోలిక దొరికాక సెనేట్ ఇక మరచిపోలేదు. ప్రతినిధుల సభకు రెండేళ్లే అంటే, "రెండేళ్లలో రోడ్డు పని కూడా పూర్తి కాదు" అని నొచ్చుకుంది. సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలను నవగ్రహాలతో గుర్తుపెట్టుకుంది. యుద్ధాల తేదీలు మాత్రం కలగాపులగం అవుతున్నాయి. ఇవాళ్టికి 128లో 61 నోటికి వచ్చాయి.

ప్రమాణం గురించి కూడా చదివి వినిపించాను. ఇంతకుముందు పౌరులుగా ఉన్న దేశం పట్ల విధేయతను వదులుకుంటున్నాను అన్న వాక్యం దగ్గర ఆమె చెయ్యి ఆగింది. సగం చుట్టిన సకినం అలాగే ఉంది. కాసేపటికి, "మీ నాన్న ఉంటే ఈ మాట అనేవాడు కాదు" అంది. నిజమే. నాన్నకు 2013లోనే అర్హత వచ్చింది, వేయలేదు. నేను ఏమీ చెప్పలేకపోయాను. "నువ్వు వద్దనుకుంటే ఇప్పుడైనా ఆపేద్దాం" అన్నాను, మనస్ఫూర్తిగానే అన్నాను. తల అడ్డంగా ఊపి, మిగతా చుట్టు పూర్తి చేసి, తరవాతి ప్రశ్న అడగమంది.

ఫిబ్రవరి 1, ఆదివారం

ఫైలు కూర్చాను. వరుస ఇది: గ్రీన్‌కార్డు రెండు వైపులా, పాస్‌పోర్టులో ముద్రలున్న పేజీలు, ప్రయాణాల పట్టిక, 2022కు సంబంధించిన మూడు రుజువులు, వివాహ పత్రం, సరిచేసిన మరణ ధ్రువపత్రం, వాంగ్మూలం తెలుగులో, దాని అనువాదం, పోలీసు కార్యాలయం జవాబు, దాని అనువాదం, సార్ ధ్రువీకరణ. ఒక్కొక్కటి స్కాన్ చేసి, ఏది ఏమిటో పేరులోనే తెలిసేలా పెట్టి అన్నయ్యకు పంపాను. రెండు సెట్లు జిరాక్స్. ఒకటి అమ్మ వెంట, ఒకటి ఇక్కడ. అసలు కాగితాలు చేతి సంచిలోనే ఉండాలి, సూట్‌కేసులో పెట్టకూడదని మూడుసార్లు చెప్పాను.

ఫిబ్రవరి 17, మంగళవారం

మొన్న శివరాత్రికి అమ్మ పానగల్ ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్దామంది. వరుసలో రెండు గంటలు నిలబడ్డాం. గర్భగుడిలో పగలంతా కదలకుండా ఉండే ఆ నీడను చూసి వచ్చాం. 93 ప్రశ్నలు వచ్చాయి. రాత్రి కారు శంషాబాద్‌కు.

ఫిబ్రవరి 24, మంగళవారం

అన్నయ్య దరఖాస్తు వేశాడు. కాగితం మీద పంపితే 760 డాలర్లు, ఆన్‌లైన్‌లో 710. నిర్బంధం ప్రశ్న దగ్గర అవును అని పెట్టేముందు నాకు వీడియో కాల్ చేసి తెర చూపించాడు. అమ్మ అతని వెనక కుర్చీలో కూర్చుని ఉంది. వాంగ్మూలం అప్‌లోడ్ చేశాక ఒకసారి చదివి వినిపించమంది, అన్నయ్య మొత్తం చదివాడు. పాలివ్వాల్సిన తల్లి గురించి ఉన్న వాక్యం అతనికి ఇప్పటిదాకా తెలియదు. అక్కడ ఆగి, అమ్మ వైపు తిరిగి, ఆ రోజు అన్నం పెట్టారా అని అడిగాడు. పులిహోర పొట్లాలు ఇచ్చారని చెప్పింది.

రసీదు నంబరు వచ్చింది. వేలిముద్రలకు పిలుపు రావాలి, ఆ తరవాత ఇంటర్వ్యూ. దుబాసీగా వచ్చే మనిషిని అన్నయ్య చూడాలి. ఇక్కడి సెట్టు బీరువా కింది అరలో, నాన్న పెట్టె పక్కన పెట్టాను. 94 నుంచి 128 వరకు ప్రశ్నలు రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోనులో నేనే అడుగుతాను.